సాక్ష్యం లేనివాళ్ల తరఫున సంఘ కాపరులకు ఒక ఉత్తరం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని సంఘ కాపరులకు, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజాలు నడుపుతున్న అమ్మగార్లకు వందనాలతో రాస్తున్నది.

నేను ఉద్దానంలో ఒక పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుని. పుట్టింది, పెరిగింది బాప్టిస్టు సంఘంలోనే. ఆదివారం ఆరాధన అయిపోయి, ఇంకా కీబోర్డు సంచిలోకి ఎక్కకముందే మందిరం అరుగు మీద నా ముందు వరస కడుతుంది. అందరికీ బీపీ చూడాలి. "మాత్ర ఏసుకుంటన్నావా, మానేసినావా?" అని గదమాయిస్తే, "మాన్నేదమ్మా, మాన్తే అయ్యగారు ఊరుకుంటారేటి" అంటారు. నిజమే, ఊరుకోరు. బీపీ మాత్ర, షుగరు మాత్ర మానొద్దని, దేవుడు వైద్యుల చేత కూడా పని చేయిస్తాడని మా అయ్యగారు పల్పిట్ మీంచే చెప్తారు. లూకా వైద్యుడేనని, తిమోతి కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని పౌలు రాశాడని మా సంఘంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు.

అదే సంఘంలో, అదే అరుగు మీద, నాకు డిప్రెషన్ అని డాక్టరు మాత్ర రాసిన సంగతి తెలిసేసరికి లెక్క మారిపోయింది. "నర్సమ్మకి విశ్వాసం సన్నగిల్లిపోనాది" అన్న మాట స్త్రీల సమాజంలో పుట్టి, శుక్రవారం ఉపవాస కూటంలో ప్రార్థన అంశమై, చివరికి మా ఇంటికే వచ్చింది. ఎవరి కోసం ప్రార్థన చేస్తున్నారో ఆ మనిషికి అందరికంటే ఆఖర్న తెలియడం మన సంఘాల్లో కొత్తేమీ కాదనుకోండి.

ఇది మా అయ్యగారి మీద ఫిర్యాదు కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చి ఉద్దానంలో కొబ్బరి తోటల్ని, జీడి తోటల్ని నేలమట్టం చేసినప్పుడు ఆయన ఒక్క ప్రసంగమూ చెయ్యలేదు. టార్పాలిన్లు మోశారు. ఎవరి బావిలో చెట్టు పడింది, ఎవరింట్లో పొయ్యి రాజలేదు అని ఇల్లిల్లూ తిరిగి చూశారు. నీ తోట పడిపోయింది కదా, దాచిపెట్టిన పాపం ఏదైనా ఉందా అని ఏ రైతునీ అడగలేదు. కిడ్నీ జబ్బు విషయంలోనూ అంతే. ఉద్దానంలో అది ఎందుకొస్తోందో ఇన్నేళ్ల పరిశోధనల తర్వాత కూడా తేలలేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. మా సంఘంలో డయాలసిస్‌కి వెళ్లేవాళ్లకి ఆటో మాట్లాడేది యూత్ పిల్లలే. కారణం తెలియని జబ్బుని కూడా పాపానికి అంటగట్టకుండా మోయడం మనకి వచ్చు. కాబట్టి మీకు రాని పనిని నేర్చుకోమని అడగడం లేదు. చేతనైన పనిని మనసు జబ్బు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మానేస్తున్నారని అడుగుతున్నాను.

డిప్రెషన్ అంటే దిగులు అనుకుంటారు. నాకు దిగులు కూడా ఉండేది కాదు. ఆవకాయ ముద్ద నోట్లో పెట్టుకుంటే నాలిక మండేది, రుచి తెలిసేది కాదు. జడ వేసుకోడానికి చెయ్యి లేచేది కాదు. ఓపీలో ఇంజెక్షన్ చేసి, రిజిస్టరు ముందు పెన్ను పట్టుకుని, ఎదురుగా నిలబడ్డ మనిషి పేరు మళ్లీ మళ్లీ అడిగేదాన్ని. వాళ్లు నా మొహం వైపు ఓసారి, సూది వైపు ఓసారి చూసేవారు. విశాఖలో చదువుతున్న మా అమ్మాయి రాత్రి ఫోన్ చేసి కబుర్లు చెప్తుంటే ఊఁ కొట్టేదాన్ని. ఫోన్ పెట్టేశాక అది ఏం చెప్పిందో ఒక్క ముక్క గుర్తుండేది కాదు. తెల్లారగట్ల మూడింటికి మెలకువ వచ్చేసేది. అప్పట్నుంచి కోడి కూసేదాకా ఆ చీకట్లో చేసిన ప్రార్థనలన్నీ గోడకి చెప్పుకున్నట్టే ఉండేవి.

రెండు వారాలు దాటి ఇలాగే ఉంటే, దేనిమీదా ఆసక్తి లేక, నిద్ర, ఆకలి, ఏకాగ్రత చెడితే, అది డిప్రెషన్ కావచ్చని డాక్టరుకి చూపించమంటాం. మా ట్రైనింగులో చదువుకున్నదే. చదువుకున్నా సరే, ఆసక్తి పోవడం అన్న మాట దేవుడి దాకా వెళ్తుందని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఈ జబ్బు మనకి ఇష్టమైనవాటన్నిటి నుంచీ ఇష్టాన్ని తీసేస్తుంది. ఆవకాయ, అమ్మాయి గొంతు, తొలకరి వాసన, వాటి వరసలోనే ప్రార్థన, పాట, బైబిలు. జబ్బుకి వీటిలో ఏది పవిత్రమో ఏది కాదో తెలియదు.

ఇక్కడే నేను మీతో వాదించదలుచుకున్నది. అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నాకు ఏమీ అనిపించడం లేదంటే, ఈవిడకి కూతురి మీద ప్రేమ చచ్చిపోయిందని ఎవరూ అనలేదు. "అంత నీరసంలో కూడా ఫోను ఎత్తుతోంది పాపం, ఎంతైనా తల్లి కదా" అన్నారు. మోకరించినప్పుడు ఏమీ అనిపించడం లేదంటే మాత్రం, ఆత్మీయంగా పడిపోయావన్నారు. ఏమీ అనిపించకపోయినా ఫోను ఎత్తడం ప్రేమే అయినప్పుడు, ఏమీ అనిపించకపోయినా మోకరించడం విశ్వాసం ఎందుక్కాదు? ఇంకా చెప్పాలంటే, నేను బాగున్న రోజుల్లో చేసిన ప్రార్థనలకి అప్పటికప్పుడే కూలి ముట్టేది. మనసు తేలికయ్యేది, కళ్లు చెమ్మగిల్లేవి. కూలి లేకుండా చేసినవి ఆ చీకటి రోజుల ప్రార్థనలే. నా విశ్వాసం ఎప్పుడు ఎక్కువో ఎప్పుడు తక్కువో కొలవడానికి మీ దగ్గరున్న కొలత ఏంటో నాకు అర్థం కాలేదు.

"ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి" అన్న వాక్యం చీటీ మీద రాసి మా ఫ్రిజ్‌కి అంటించి వెళ్లారు ఒక అక్క. ప్రేమతోనే. ఆ వాక్యం మీద నాకు కోపం లేదు, అది పౌలు జైల్లో ఉండి రాసిన మాట. కాలు విరిగినవాడికి నడవమని చీటీ రాసి ఇవ్వం కదా అనుకునేదాన్ని, పాలు తీసుకోడానికి తలుపు తెరిచిన ప్రతిసారీ.

దానికంటే ప్రమాదమైనది ఒకటుంది, మీరు దాన్ని మామూలుగా అడిగేస్తారు. "ఒప్పుకోని పాపం ఏదైనా ఉందేమో చూసుకోమ్మా." అయ్యగారూ, అర్థంలేని అపరాధ భావం ఈ జబ్బు లక్షణాల్లోనే ఒకటి. మీరు అడగకముందే ఆ మనిషి రాత్రంతా అదే పనిలో ఉంటుంది. ట్రైనింగ్ హాస్టల్లో పక్కమంచం పిల్ల సబ్బు అడక్కుండా వాడుకున్నది కూడా నేను తవ్వి తీశాను. పరిశుద్ధాత్మకు విరోధమైన దూషణ, అంటే క్షమాపణ లేని ఆ పాపం, చేసేశానేమో అని ఒణికిన రాత్రులున్నాయి. అలాంటి మనిషిని పాపం ఒప్పుకోమంటే ఏదడిగితే అది ఒప్పుకుంటుంది. చెయ్యనివి కూడా ఒప్పుకుంటుంది. ఒప్పుకున్నాక కూడా తేలిక పడదు. అప్పుడు మీరు ఇంకా ఏదో దాస్తోందనుకుంటారు. ఆ ప్రశ్న మానెయ్యండి. నిజంగా పాపం ఉంటే కోలుకున్నాక ఒప్పుకుంటుంది, దేవుడికేం తొందర లేదు.

ఇంగ్లండులో విలియం కూపర్ అనే కవి ఉండేవాడు, 1731 నుంచి 1800 దాకా. ఆయన రాసిన కీర్తనలు ఇప్పటికీ ఎన్నో దేశాల్లో పాడుతున్నారు. ఆ కీర్తనలు రాసినాయనే తీవ్రమైన డిప్రెషన్‌లో పడి, దేవుడు తనని శాశ్వతంగా తోసేశాడని నమ్మి, చాలావరకు ఆ నమ్మకంతోనే బతికి, అలాగే పోయాడు. ఆయన కాపరి జాన్ న్యూటన్. 1773లో కూపర్‌కి జబ్బు తిరగబెడితే న్యూటన్ ఆయన్ని తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. ఏడాదికి పైగా. వాదించి గెలిచింది లేదు, కూపర్ మనసులోంచి ఆ భయం పోనేలేదు. అయినా బయటికి పొమ్మనలేదు, విశ్వాసి కాదనలేదు. కాపరి అంటే నాకు న్యూటన్ గుర్తొస్తాడు. ఆయన భార్య ఆ ఏడాదంతా వంట ఎలా చేసిందో కూడా గుర్తొస్తుంది, ఆ సంగతి ఎవరూ పెద్దగా రాయరు.

కూపర్ కవి, కాపరి కాదు కదా అంటే లండన్ బాప్టిస్టు బోధకుడు స్పర్జన్ ఉన్నాడు. 1856లో ఇరవై రెండేళ్ల వయసులో లండన్‌లో ఒక పెద్ద హాల్లో ఆయన ప్రసంగిస్తుంటే ఎవరో మంట మంట అని అరిచారు. తొక్కిసలాటలో ఏడుగురు చనిపోయారు. ఆ దెబ్బకి కుంగిపోయిన మనిషి తర్వాత జీవితాంతం విడతలు విడతలుగా కుంగుబాటుతోనే పరిచర్య చేశాడు. తన దగ్గర చదువుకునే బోధకులకి ఆ సంగతి దాచకుండా చెప్పాడు. మన బైబిలు కాలేజీల్లో ఆయన ప్రసంగాలు పాఠాలుగా చెప్తారు. ఈ సంగతి ఎంతమందికి చెప్తారు? ఇక మదర్ థెరీసా ఉత్తరాలు 2007లో అచ్చయ్యేదాకా, ఆవిడ దశాబ్దాల పాటు దేవుడు లేనట్టే అనిపిస్తూ కలకత్తా వీధుల్లో సేవ చేసిందని లోకానికి తెలియదు. ఆవిడది డిప్రెషనో కాదో చెప్పడం నా పని కాదు. దగ్గరితనం తెలియకుండానే అన్నేళ్లు నిలబడవచ్చన్నది మాత్రం ఆవిడ జీవితంలో ఉంది.

ఉపవాసం సంగతి. నా కోసం సంఘం ఉపవాసం ఉంటే నాకు అభ్యంతరం లేదు. నన్ను ఉండమన్నారు చూశారా, అది తప్పు. అప్పటికే తిండి తినక, యూనిఫారం చీర కుచ్చిళ్లు రెండు ఎక్కువ పెట్టుకుంటున్న మనిషిని మూడు రోజులు పస్తుండమనకూడదు. రాత్రంతా ప్రార్థన కూటమూ అంతే. నిద్ర ఈ జబ్బుకి మందు లాంటిది. బైపోలార్, అంటే కుంగుబాటు, ఉద్రేకం మార్చి మార్చి వచ్చే జబ్బు, ఉన్నవాళ్లకైతే ఒక్క రాత్రి నిద్ర చెడితే ఉద్రేకం తిరగబెట్టొచ్చు. అలా తిరగబెడితే మన కూటాల్లో దాన్ని ఆత్మ నింపుదల అని సంబరపడేవాళ్లూ ఉన్నారు, దయ్యం అని కొట్టేవాళ్లూ ఉన్నారు.

ఏలీయా ప్రవక్త బదరీవృక్షం కింద పడుకుని "ఇంతమట్టుకు చాలును, నా ప్రాణము తీసికొనుము" అన్నప్పుడు దేవుడు ఏం చేశాడో మీరే మాకు చెప్పారు. ఉపవాసం పెట్టలేదు. పాపం అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూతని పంపి "నీవు లేచి భోజనము చేయుము" అన్నాడు. తిని మళ్లీ పడుకుంటే, దూత మళ్లీ వచ్చి మళ్లీ తినమన్నాడు. నీవిక్కడ ఏమి చేయుచున్నావు అని దేవుడు అడిగింది ఆ తర్వాత, కొండ దాకా నడిచి వెళ్లాక. ఈ అధ్యాయం మీద నేను విన్న ప్రసంగాలన్నీ మిక్కిలి నిమ్మళమైన స్వరం మీదే. ఆ రొట్టె, ఆ నీళ్లబుడ్డి మీద ఒక్కటీ వినలేదు.

మా వీధిలో ఒక పెద్దావిడ ఉంది. కాశీబుగ్గలో జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టే పని. పేరు రాస్తే తిడుతుంది. చదువు రాదు, జీడి రసానికి అరచేతులు నల్లబడి వేళ్ల చివర తోలు లేచిపోయి ఉంటుంది. నేను బాగాలేని రోజుల్లో పని నుంచి తిన్నగా మా ఇంటికే వచ్చేది. చోడి అంబలి గిన్నెలో తెచ్చి, పక్కన ఉల్లిపాయ పెట్టి, కూర్చునేది. నేను ప్రార్థన చెయ్యలేకపోతున్నానప్పా అంటే, "నీ వంతు ప్రార్థన నాను సేసేసినాను గాని, నువ్వు అంబలి తాగు" అంది. అంతే. ఇంక ఆ విషయం ఎత్తలేదు. పక్కింటివాళ్ల గొడవలు, కార్ఖానా మేస్త్రీ సంగతులు, కేజీకి ఎంత కోత పెట్టాడో, అవే చెప్పేది. ఆవిడేమీ పెద్ద జ్ఞాని కాదు. నా తలగడ కింద బైబిలు పెట్టి వెళ్లింది దయ్యం రాకుండా అని. గట్టిగా అరిచి ప్రార్థన చేసే గుంపు వచ్చినప్పుడు వాళ్లతో పాటు ఆవిడా అరిచింది. తర్వాత తలుపు దగ్గర నిలబడి "ఆ దెయ్యానికి సెవుడు నేదు కదా, ఎందుకలాగ అరిసీసినామో" అని తనే నవ్వింది. ఆ నెలల్లో మా ఇంట్లో నవ్వు వినపడింది అప్పుడే.

మార్కు రెండో అధ్యాయంలో పక్షవాతం వచ్చినవాణ్ణి నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి దించినప్పుడు, "యేసు వారి విశ్వాసము చూచి" అని ఉంటుంది. మంచం మీద ఉన్నవాడికి విశ్వాసం ఉందో లేదో మార్కు రాయలేదు. వాడు ఒక్క మాటా మాట్లాడలేదు. వాడి విశ్వాసం ఎంత అని నలుగుర్లో ఒక్కడు ఆగి అడిగినా మంచం ఆ కప్పు దాకా ఎక్కేది కాదు. మీ సంఘంలో మంచం మీదున్నవాళ్లని దయచేసి పరీక్షలు పెట్టకుండా మొయ్యండి.

ఇప్పుడు మాత్రల గురించి నర్సుగా నాలుగు మాటలు. డిప్రెషన్‌కి ఇచ్చే మాత్రలు నిద్రమాత్రలు కావు, మత్తు అలవాటు చేసేవీ కావు. వాటితో ఒక చిక్కుంది. గుణం కనబడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది, వికారం, తలనొప్పి లాంటి ఇబ్బందులు మాత్రం మొదటి వారంలోనే వస్తాయి. సరిగ్గా అప్పుడే ఎవరో ఒకరు వచ్చి చూశావా మాత్రలు పడలేదు, మానెయ్ అంటారు. బాగయ్యాక కూడా డాక్టరు చెప్పేదాకా, సాధారణంగా ఆరు నెలలైనా వేసుకోవాలి. ఉన్నపళంగా మానేస్తే కళ్లు తిరగడం, చిరాకు, ఒంట్లో ఝల్లుమనడం వస్తాయి, జబ్బు తిరగబెట్టే ప్రమాదమూ ఉంది. స్వస్థత కూటంలో మాత్రలు వేదిక మీద పడేయించి హల్లెలూయ కొట్టించడం నేను కళ్లారా చూశాను. ఆ మనిషి పది రోజుల తర్వాత ఎలా ఉందో చూడటానికి ఆ బోధకుడు మన జిల్లాలో ఉండడు. మీరు ఉంటారు. అందుకే మీకు రాస్తున్నాను. మాత్రలతో పాటు మాట్లాడే వైద్యం, అంటే కౌన్సెలింగ్, కూడా పనిచేస్తుంది, తేలికపాటి జబ్బుకి ఒక్కోసారి అదొక్కటే సరిపోతుంది. మందు నాకు నిద్ర ఇచ్చింది, ఆకలి ఇచ్చింది. దేవుణ్ణి ఇవ్వలేదు, ఇవ్వాలని నేను అడగనూ లేదు. కళ్లజోడు పెట్టుకుంటే అక్షరం కనబడుతుంది, వాక్యం అర్థం చేసుకోవడం మన పనే.

సోంపేటలో కెనడా బాప్టిస్టు మిషను ఆసుపత్రి కంటి ఆపరేషన్లకి పేరుపడిన సంగతి మన పెద్దవాళ్లకి తెలుసు. సువార్త మన ఊళ్లకి వచ్చినప్పుడు చేతిలో మందుల పెట్టె పట్టుకునే వచ్చింది. శుక్లం వచ్చినవాళ్లని చూపు కోసం విశ్వసించమని ఆ డాక్టర్లు వెనక్కి పంపి ఉంటే మన సంఘాలు ఎన్ని మిగిలేవి?

ఆరాధన గురించి ఒక కోరిక ఉంది, కాస్త ఎక్కువే అడుగుతున్నానేమో. 88వ కీర్తన ఒక ఆదివారం చదివించండి. హేమాను రాసిన ఆ కీర్తన "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ముగుస్తుంది. తర్వాత స్తుతి లేదు, అయినను అన్న మలుపు లేదు. అలాంటి దాన్ని పరిశుద్ధ గ్రంథంలోంచి ఎవరూ తీసెయ్యలేదు. చదివాక వెంటనే డోలక్ అందుకుని విజయగీతం ఎత్తుకోకండి. కాసేపు అలా ఉండనివ్వండి. మంచి శుక్రవారం, ప్రభువు సిలువ మీద పలికిన ఏడు మాటలకి ఏడుగురు వక్తల్ని పెడతాం కదా. నాలుగో మాట, "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" ఎవరి వంతుకొస్తే వాళ్లు గబగబా ఈస్టరు ఉదయానికి పరిగెడతారు. ప్రభువు ఆ మాట దగ్గర ఆగాడు. వినేవాళ్లలో ఆ మాట తప్ప ఇంకేదీ నోటికి రానివాళ్లుంటారు. పర్లాకిమిడి ప్రాంతం పురుషోత్తమ చౌదరి గారి పాత కీర్తనల్లో కాపాడమని మొరపెట్టే గొంతు ఉండేది. ఇప్పటి పాటల్లో అందరం పొద్దున్నే గెలిచి లేస్తున్నాం.

సంవత్సరం మొదటి రాత్రి బైబిలు వాక్యాలు రాసిన వాగ్దానం కార్డులు తీయిస్తారు. ఒక ఏడాది నాకు "నిన్ను తలగా నియమించును" అన్న కార్డు వచ్చింది. అప్పుడు నాకు తల దువ్వుకునే ఓపిక లేదు. కార్డులన్నీ ఆశీర్వాదాలే ఎందుకుండాలి? "నలిగిన రెల్లును అతడు విరువడు, మకమకలాడుచున్న జనుపనార వత్తిని ఆర్పడు" అన్నది కూడా వాగ్దానమే. "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకము ఉండకుండ సహాయము చేయుము" అన్నది వాగ్దానం కాకపోయినా, చేతిలో పెట్టుకోడానికి అదే నాకు పనికొచ్చేది.

చావు ఆలోచనల గురించి రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను. ఎవరైనా బతకాలని లేదంటే, అది పాపమని బోధించే ముందు, చనిపోవాలన్న ఆలోచన వస్తోందా అని తిన్నగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అడిగితే మనిషికి ఊపిరి ఆడుతుంది. ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లకి చెప్పండి, పురుగుమందు డబ్బాలు చేతికి అందకుండా చూడమనండి, ఆసుపత్రికి మీరే తోడు వెళ్లండి. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. విశాఖ వాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. దాన్ని పిచ్చాసుపత్రి అనడం ముందు పల్పిట్ మీద మానండి, కింద అదే మానుతుంది. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్లు రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు, 2022 నుంచి నడుస్తోంది. ప్రయత్నం చేసి బతికినవాళ్లని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవాళ్లుగానే చూడాలని, శిక్షించకూడదని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెప్తోంది. ప్రభుత్వం చట్టం రాసి మరీ కనికరించింది. ప్రయత్నం చేసి పోయినవాళ్ల శవాన్ని మందిరంలోకి రానివ్వని సంఘాలు మాత్రం మన రెండు జిల్లాల్లో ఇంకా ఉన్నాయి. ఆ తల్లిదండ్రుల దగ్గర మీరు న్యాయాధిపతి పని చెయ్యక్కర్లేదు. ఆ కుర్చీ ఖాళీగా లేదు.

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015–16లో 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ సర్వేలో, పెద్దవాళ్లలో ఇరవై మందికి ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ బారిన పడినవాళ్లేనని తేలింది. ఆ పన్నెండింటిలో మన రాష్ట్రం లేదు. మన దగ్గర అంతకంటే తక్కువ ఉంటుందనుకోడానికి నాకైతే కారణం కనబడదు. రెండు వందల మంది కూర్చునే మందిరంలో పదిమంది. వాళ్లు చివరి వరసలోనో, చెప్పుల దగ్గరో ఉంటారు. పాటకి పెదవులు కదుపుతారు, గొంతు రాదు. చప్పట్లు ఒక దెబ్బ వెనకాలే పడతాయి. ప్రభువు బల్లలో రొట్టె, పాత్ర అందుకుంటారు. ఏమీ అనిపించకపోయినా అందుకుంటారు. ఎందుకొచ్చారు వీళ్లు, ఇంట్లో పడుకోవచ్చు కదా అని ఒక్కసారి ఆలోచించండి.

మీ నెలవారీ పాస్టర్స్ ఫెలోషిప్‌లో ఒక పూట ఈ విషయానికి ఇవ్వండి. జిల్లా ఆసుపత్రి నుంచి మానసిక వైద్యుణ్ణి పిలవండి, మైకు ఆయనకి ఇచ్చి మీరు కింద కూర్చోండి. 14416 నంబరు మందిరం బోర్డు మీద, కానుకల లెక్క పక్కనే రాయించండి.

నన్ను పిలిచినా వస్తాను. బీపీ మిషను కూడా తెస్తాను, మీలో సగం మంది చూపించుకోవాల్సినవాళ్లే. ఇప్పుడు నాకు నిద్ర పడుతోంది, ఆవకాయ రుచి తెలుస్తోంది, మా అమ్మాయి ఏం చెప్పిందో గుర్తుంటోంది. ప్రార్థనలో పాత దగ్గరితనం మాత్రం ఇంకా తిరిగి రాలేదు. ఎప్పుడొస్తుందో తెలియదు. ఆదివారాలు మానలేదు. మీరడిగిన ఏ ప్రశ్నకైనా జవాబు చెప్తాను గాని, దేవుడు నన్ను ఎలా విడిపించాడో సాక్ష్యం చెప్పమని మాత్రం లేపకండి.

ఇట్లు,
ఉద్దానం నుంచి
మీ సహోదరి, ఒక నర్సు